ఇల్లు చేరిన ఓడ - ఇల్లు చేరని నావికుడు
(రోఆల్డ్ అముండ్‌సెన్ జీవిత విశేషాలు)

మన పిల్లలు, మనుమలు పోటీ పరీక్షలకు చదివే జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో ఒక ప్రశ్న తప్పకుండా ఉంటుంది. దక్షిణ ధ్రువాన్ని మొట్టమొదట చేరిన మానవుడెవరు? నార్వే దేశస్థుడు రోఆల్డ్ అముండ్‌సెన్, 1911 అన్నది జవాబు. ఆ ఒక్క పంక్తితో ఆయన చరిత్ర మనకు ముగిసిపోతుంది. కానీ ఆ పంక్తి వెనుక ఎంతటి పట్టుదల ఉందో, ఎన్ని అప్పులున్నాయో, ఎంత ఒంటరితనం ఉందో చాలామందికి తెలియదు.

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం గురించి రాయమని మన సంఘం వారు కోరినప్పుడు దేశ నాయకులను గురించి, కవులను గురించి రాసే మిత్రులు ఎటూ ఉన్నారు కదా అని నేను ఈ నార్వే నావికుణ్ణి ఎన్నుకున్నాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల వాళ్ళం మనం. సముద్రం మనకు దూరం. గోదావరిలో నాటు పడవ, చెరువులో పుట్టి తప్ప ఓడ సంగతి మనకేం తెలుసునని కొందరు అనుకోవచ్చు. అయితే ఈ కథ ఓడదే కాదు. బతికున్నప్పుడు అప్పులవాళ్ళ పాలైన ఒక ఓడను యజమాని పోయిన 90 ఏళ్ళకు ఊరివాళ్ళు వెతికి ఇంటికి తెచ్చుకున్న కథ ఇది. పాతవాటి విలువ మన వంటి పెద్దవాళ్ళకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?

బాల్యం - చదువు

అముండ్‌సెన్ 1872 జూలై 16న నార్వేలోని బోర్గె అనే చోట జన్మించారు. తండ్రి యెన్స్ ఓడల యజమాని. నలుగురు అన్నదమ్ములలో ఈయనే చిన్నవాడు. 14వ ఏట తండ్రి పోయారు. కడగొట్టు కొడుకైనా సముద్రం మీదికి పోకుండా డాక్టరు కావాలని తల్లి కోరిక. ఆమె మాట కాదనలేక వైద్య విద్యలో చేరారు గానీ మనసంతా మంచు సముద్రాల మీదనే. ఉత్తరపు మంచు సముద్రంలో ఓడలతో సహా అంతరించిపోయిన ఇంగ్లీషు నావికుడు జాన్ ఫ్రాంక్లిన్ చరిత్ర చదివి, తానూ అటువంటి యాత్రలు చేయాలని చిన్ననాడే నిశ్చయించుకున్నారు. శరీరం చలికి అలవాటు పడాలని నార్వే శీతాకాలంలో కిటికీలు తెరిచి పడుకునేవారట. 1893లో తల్లి మరణించగానే వైద్య విద్యకు స్వస్తి చెప్పి ఓడల్లో పనికి కుదిరారు.

1897లో బెల్జియం వారి బెల్జికా ఓడలో ఆఫీసరుగా దక్షిణ ధ్రువ సముద్రాలకు వెళ్ళారు. ఆ ఓడ మంచులో చిక్కుకుని కదలలేక శీతాకాలమంతా అక్కడే నిలిచిపోయింది. అంటార్కిటికా మంచులో శీతాకాలం గడిపిన మొదటి ఓడ అదే. సూర్యుడు కనిపించని ఆ దినాలలో నావికులకు స్కర్వీ వ్యాధి సోకింది. అప్పుడు ఫ్రెడరిక్ కుక్ అనే డాక్టరు సీలు, పెంగ్విన్ల పచ్చి మాంసం తినిపించి ప్రాణాలు నిలిపారు. ధైర్యం ఒక్కటే చాలదు, తిండి, బట్ట, ముందుచూపు కావాలన్న పాఠం అముండ్‌సెన్‌కు అక్కడ దొరికింది.

యోవా - అర్ధరాత్రి ప్రయాణం

అట్లాంటిక్ సముద్రం నుంచి కెనడాకు ఉత్తరంగా మంచు దీవుల మధ్య దూరి పసిఫిక్ సముద్రం చేరే దారి కోసం యూరపు వాళ్ళు శతాబ్దాలుగా వెతికారు. ఫ్రాంక్లిన్ ప్రాణం పోయింది ఆ వెతుకులాటలోనే. పెద్ద పెద్ద నౌకాదళాలు సాధించలేని పనిని అముండ్‌సెన్ చిన్న ఓడతో సాధించదలచారు. 1901లో యోవా అనే 47 టన్నుల తెరచాప ఓడను కొన్నారు. విచిత్రమేమంటే ఓడ, యజమాని ఇద్దరూ 1872లోనే పుట్టారు. ఓడ చిన్నదైతే లోతు లేని నీళ్ళలోనూ పోగలదు, కొద్దిమందికి తిండి సంపాదించడమూ తేలిక అని ఆయన లెక్క.

తండ్రి మిగిల్చిన సొమ్ము చాలలేదు. అప్పులు చేశారు. బాకీ తీర్చకపోతే ఓడను జప్తు చేయిస్తానని ఒక రుణదాత పట్టుబట్టాడు. 1903 జూన్ 16న హోరువానలో, అర్ధరాత్రి వేళ, ఆరుగురు సహచరులతో క్రిస్టియానియా (నేటి ఓస్లో) రేవు నుంచి చడీచప్పుడు లేకుండా ఓడ కదిలింది. అప్పులవాణ్ణి తప్పించుకుని బయలుదేరిన ప్రయాణం చరిత్ర కెక్కడం అరుదు.

కింగ్ విలియం దీవిలో ఒక చిన్న రేవు దగ్గర రెండు శీతాకాలాలు గడిపారు. ఆ చోటుకు నేటికీ యోవా పేరే నిలిచింది. అక్కడ ఉత్తర అయస్కాంత ధ్రువం గురించి కొలతలు తీశారు. అంతకంటె ముఖ్యంగా అక్కడి నెట్సిలిక్ ఇన్యూట్ జనం దగ్గర శిష్యరికం చేశారు. తోలు బట్టలు వదులుగా ఎట్లా తొడుక్కోవాలి, మంచు ఇటుకలతో ఇల్లెట్లా కట్టాలి, కుక్కల బండి ఎట్లా తోలాలి అన్నీ వాళ్ళ దగ్గరే నేర్చుకున్నారు. చదువుకున్న యూరపు వాళ్ళు ఆ జనాన్ని అనాగరికులుగా చూసే కాలంలో ఆయన వాళ్ళ ముందు విద్యార్థిగా కూర్చున్నారు. నా దృష్టిలో ఆయన గొప్పతనం మొదట ఇక్కడ ఉంది.

1905 ఆగస్టులో పసిఫిక్ వైపు నుంచి వచ్చిన తిమింగలాల వేట ఓడ ఎదురుపడింది. దారి దొరికిందని అర్థమైంది. ఆ కబురు తంతి ద్వారా పంపడానికి కుక్కల బండ్ల మీద కొన్ని వందల కిలోమీటర్లు ప్రయాణించి అలాస్కాలోని ఈగిల్ చేరారు. 1906లో యోవా శాన్‌ఫ్రాన్సిస్కో చేరింది. ఓడను ఆ నగరానికే ఇచ్చేశారు. 1909 నుంచి అది అక్కడి గోల్డెన్ గేట్ పార్కులో ప్రదర్శనగా నిలిచింది. 1905లో నార్వే స్వీడన్ నుంచి విడివడి కొత్తగా స్వతంత్ర దేశంగా నిలబడుతున్న రోజులు కావడంతో ఆయన జాతి వీరుడయ్యారు.

ఫ్రామ్ - దక్షిణ ధ్రువం

తర్వాతి గురి ఉత్తర ధ్రువం. నాన్సెన్ మహాశయుడు తన ప్రసిద్ధమైన ఫ్రామ్ ఓడను అరువిచ్చారు. ఇంతలో 1909లో కుక్, పియరీ అనే ఇద్దరు ఎవరికి వారు ఉత్తర ధ్రువం చేరామని ప్రకటించారు. ఇక అక్కడికి వెళితే పేరు రాదు, పేరు రాకపోతే డబ్బు రాదు, డబ్బు రాకపోతే పాత అప్పులు తీరవు. అముండ్‌సెన్ గురిని దక్షిణానికి తిప్పారు. ఈ సంగతి ఓడ ఇచ్చిన నాన్సెన్‌కు గానీ, సహాయం చేసిన ప్రభుత్వానికి గానీ, తోటి నావికులలో ఎక్కువమందికి గానీ తెలియనివ్వలేదు. 1910లో మదీరా దీవి చేరాకనే బయటపెట్టారు. అప్పటికే దక్షిణ ధ్రువానికి బయలుదేరిన ఇంగ్లీషు కెప్టెన్ స్కాట్‌కు తంతి కబురు చేశారు. ఈ దాపరికాన్ని చాలామంది తప్పుపట్టారు. దాన్ని సమర్థించాలని నాకూ అనిపించదు.

అయితే పని చేసిన తీరును మాత్రం మెచ్చుకోక తప్పదు. 1911 జనవరిలో అంటార్కిటికా చేరి, శీతాకాలం రాకముందే 80, 81, 82 డిగ్రీల అక్షాంశాల దగ్గర తిండి నిల్వలు పెట్టించారు. తిరుగు ప్రయాణంలో మంచు తుఫానులో ఆ గుట్టలు కనిపించకపోతే ఎట్లా? అందుకని ప్రతి నిల్వకు అటూ ఇటూ కొన్ని మైళ్ళ దూరం వరుసగా జెండాలు పాతించారు. ఏ జెండా కనిపించినా నిల్వ ఏ వైపున ఉందో తెలిసేటట్లు గుర్తులు పెట్టించారు. స్టోర్సు రిజిస్టరు రాసిన మన మిత్రులు ఈ పద్ధతిని బాగా అర్థం చేసుకోగలరు.

ఆత్రంతో సెప్టెంబరులోనే ఒకసారి బయలుదేరి, చలికి తాళలేక వెనుదిరిగారు. ఆ తిరోగమనంలో నాయకుడు తన బండి మీద ముందు వచ్చేయగా, వెనుకబడ్డ ఒక సహచరుణ్ణి యల్మార్ యోహాన్సెన్ అనే అనుభవజ్ఞుడు కాపాడి తెచ్చాడు. అందరి ఎదుటా నాయకుణ్ణి తప్పుపట్టాడు. ఆ కోపంతో అముండ్‌సెన్ అతణ్ణి ధ్రువ యాత్ర జట్టు నుంచి తీసేశారు. మనసు విరిగిన యోహాన్సెన్ 1913లో ప్రాణం తీసుకున్నాడు. పై అధికారి కక్ష ఒక మంచి పనివాణ్ణి ఏం చేస్తుందో ఉద్యోగం చేసిన మనకు వేరే చెప్పనక్కరలేదు.

అక్టోబరులో ఐదుగురు మనుషులు, 4 బండ్లు, 52 కుక్కలతో రెండోసారి బయలుదేరారు. 1911 డిసెంబరు 14న అముండ్‌సెన్, విస్టింగ్, హాన్సెన్, హాస్సెల్, బ్యోలాండ్ దక్షిణ ధ్రువం మీద నిలబడ్డారు. 1912 జనవరి 25న 11 కుక్కలతో క్షేమంగా మకాం చేరారు. మిగిలిన కుక్కలలో ఎక్కువ భాగాన్ని ముందే వేసుకున్న లెక్క ప్రకారం చంపి తిండికి వాడుకున్నారు. విన్నప్పుడు మనసు కలుక్కుమంటుంది. ఐదుగురూ బతికి రావడానికి అదీ ఒక కారణం. నెల రోజుల తర్వాత ధ్రువం చేరిన స్కాట్ బృందం ఐదుగురూ తిరుగు దారిలో మరణించారు. ఆ విషాదం గెలిచినవాని ఆనందం మీద జీవితాంతం నీడలాగా పడింది.

మాడ్ - అప్పుల పాలైన ఓడ

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో నౌకా వ్యాపారంలో ఆయనకు కొంత సొమ్ము కలిసి వచ్చింది. ఆ సొమ్ముతో ఓస్లో దగ్గరి వొల్లెన్ అనే ఊళ్ళో క్రిస్టియన్ యెన్సెన్ అనే నిపుణుని చేత ఓక్ కర్రతో కొత్త ఓడ కట్టించారు. పొడవు ఇంచుమించు 36 మీటర్లు. మంచు నొక్కినా పగలకుండా పైకి తేలేటట్లు గుండ్రని పొట్ట. నార్వే రాణి పేరు మీద దానికి మాడ్ అని పేరు పెట్టారు. ఓడకు నామకరణం చేసేటప్పుడు ద్రాక్షసారాయి సీసా కొట్టడం అక్కడి ఆచారం. అముండ్‌సెన్ మాత్రం ఓడ మంచు కోసం పుట్టిందని చెప్పి ముక్కుకు మంచు గడ్డ కొట్టారు.

1918లో మాడ్ నార్వే వదిలింది. ఆ యాత్రలో కష్టాలకు లెక్క లేదు. భుజం విరిగింది. ధ్రువపు ఎలుగుబంటి మీద పడింది. దీపపు విషవాయువుకు గుండె దెబ్బతింది. ఉత్తరాలిచ్చి పంపిన ఇద్దరు నావికులు దారిలోనే చనిపోయారు. 1920లో ఓడ సైబీరియా ఉత్తర తీరం చుట్టి అలాస్కా చేరింది. మంచుతో పాటు కొట్టుకుపోయి ఉత్తర ధ్రువం మీదుగా పోవాలన్న కోరిక నెరవేరలేదు. అముండ్‌సెన్ విమానాల వైపు మళ్ళగా విస్టింగ్ ఓడను నడిపారు, సెవర్‌డ్రుప్ అనే శాస్త్రజ్ఞుడు సముద్రం, వాతావరణం గురించి అమూల్యమైన పరిశీలనలు చేశారు.

ఈలోగా ఖర్చులు తడిసి మోపెడయ్యాయి. 1924లో అముండ్‌సెన్ దివాలా తీశారు. లెక్కలు చూసే సొంత అన్నతోనే తగాదా వచ్చింది. సైబీరియా నుంచి తెచ్చి ఇంట్లో పెట్టుకుని బడిలో వేసిన ఇద్దరు చిన్నపిల్లలను కూడా ఆ ఏడే తిరిగి పంపించేశారు. 1925లో మాడ్ సియాటిల్ రేవు చేరగానే అప్పులవాళ్ళు స్వాధీనం చేసుకున్నారు. హడ్సన్స్ బే కంపెనీ దాన్ని కొని బేమాడ్ అని పేరు మార్చి కెనడా ఉత్తరాన కేంబ్రిడ్జ్ బే అనే చోట గిడ్డంగిగా, వైర్‌లెస్ కేంద్రంగా వాడుకుంది. 1930లో కట్టిన చోటనే ఓడ మునిగిపోయింది. లోతు తక్కువ కనుక పైభాగం కొంత నీటి మీద కనిపిస్తూనే ఉండేది.

ఆఖరి ప్రయాణం

1925లో ఎల్స్‌వర్త్ అనే అమెరికన్ ధనవంతుని సాయంతో రెండు విమానాలలో ధ్రువం వైపు వెళ్ళి మంచు మీద దిగిపోయారు. మూడు వారాలకు పైగా మంచును చదును చేసి, ఆరుగురూ ఒకే విమానంలో బయటపడ్డారు. 1926 మే 12న నార్గె అనే గాలి ఓడలో ఉత్తర ధ్రువం మీదుగా ప్రయాణించారు. ఆ గాలి ఓడను తయారు చేసి నడిపినది ఇటలీ దేశపు నోబిలే. ఘనత ఎవరిదన్న విషయం మీద ఇద్దరికీ బద్ధవైరం ఏర్పడింది. 1927లో వచ్చిన ఆత్మకథలో అముండ్‌సెన్ చాలామంది మీద కోపం వెళ్ళగక్కారు. పెళ్ళి లేదు, పిల్లలు లేరు, స్నేహితులు దూరమయ్యారు. లోకమంతా తెలిసిన మనిషికి నెల నెలా వచ్చే నమ్మకమైన రాబడి ఏదీ లేదు. ఉపన్యాసాలిస్తూ ఊళ్ళు తిరగాల్సి వచ్చింది. ఒకటో తారీఖు పింఛను విలువ ఏమిటో ఈ భాగం చదివినప్పుడు నాకు మరింత తెలిసి వచ్చింది.

1928 మే 25న నోబిలే నడిపిన ఇటాలియా గాలి ఓడ మంచు మీద కూలిపోయింది. ఆ కబురు అందగానే అముండ్‌సెన్ వెతకడానికి సిద్ధమయ్యారు. అధికారిక సహాయ బృందానికి నాయకత్వం ఆయనకు దక్కలేదు. ఫ్రాన్సు వారు ఇచ్చిన లాథమ్ విమానంలో జూన్ 18న మరి ఐదుగురితో ట్రోమ్సో నుంచి బయలుదేరారు. ఆ విమానం తిరిగి రాలేదు. ఆగస్టు 31న దాని తేలు భాగం ఒకటి సముద్రంలో దొరికింది. శరీరాలు దొరకలేదు. నోబిలేను కొద్ది రోజులకే స్వీడన్ విమానం కాపాడింది. అప్పటికి అముండ్‌సెన్ వయస్సు 55 సంవత్సరాలు. మనలో చాలామంది 58 ఏళ్ళకు రిటైరయినవాళ్ళమే. తనకు గిట్టని మనిషి ప్రాణం కోసం తన ప్రాణం పణం పెట్టడం ఒక్కటీ ఆయన తప్పులను చాలావరకు తుడిచివేసిందని నేను నమ్ముతాను.

ఓడలు ఇల్లు చేరిన వైనం

మనిషి పోయాక మూడు ఓడలు మిగిలాయి. ఫ్రామ్ శిథిలమవుతుంటే భద్రపరచాలని కొందరు పట్టుబట్టారు. వాళ్ళలో పాత సహచరుడు విస్టింగ్ ఒకరు. 1936లో ఓస్లోలో దానికి మ్యూజియం కట్టారు. ఆ ఏడు డిసెంబరులో, దక్షిణ ధ్రువ విజయానికి 25 ఏళ్ళు నిండబోయే రోజుల్లో, విస్టింగ్ ఆ ఓడలో తన పాత గదిలోనే పడుకుని నిద్రలోనే కన్నుమూశారు. యోవాను శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి 1972లో నార్వేకు తెచ్చారు. అది ఓడకూ, దాని పాత యజమానికీ నూరేళ్ళ పండుగ సంవత్సరం.

ఇక మిగిలింది నీళ్ళలోని మాడ్. 1990లో దాన్ని కట్టిన వొల్లెన్ ఊరు ఉన్న అస్కర్ మునిసిపాలిటీ ఒక్క డాలరుకు కొనుక్కుంది. కొన్నంత సులువుగా తేవడం కుదరలేదు. డబ్బు లేదు, అనుమతి కాలం గడిచిపోయింది. 2011లో అస్కర్‌లోని టాండ్‌బర్గ్ సంస్థ ఖర్చు పెట్టుకోవడానికి ముందుకు వచ్చింది. ఆ ఏడు డిసెంబరులో కెనడా అధికారులు ఎగుమతి అనుమతి నిరాకరించారు. అప్పీలు మీద 2012 మార్చిలో అనుమతి లభించింది.

ఈ తగాదాను తేలికగా కొట్టిపారేయలేము. కేంబ్రిడ్జ్ బే జనం 80 ఏళ్ళు ఆ ఓడను కళ్ళ ముందు చూస్తూ పెరిగారు. అది తమ చరిత్ర అన్నది కెనడాలో కొందరి వాదన. కట్టిన ఊరు మాది, అక్కడే ఉంటే మంచు కోతకు ఏటేటా ముక్కలవుతుంది అన్నది నార్వే వాళ్ళ వాదన. మన పొలంలో దొరికిన విగ్రహాన్ని నగరం మ్యూజియానికి తీసుకుపోతామంటే ఊళ్ళో వచ్చే మాటా ఇదే కదా. నా మట్టుకు నాకు, కాపాడే శక్తి ఉన్నవాళ్ళ చేతికి ఇవ్వడమే న్యాయమనిపిస్తుంది. అయితే 80 ఏళ్ళు చోటిచ్చిన ఊరి పేరు కూడా ఆ ఓడ పక్కన రాసి పెట్టాలి.

యాన్ వాంగార్డ్ నాయకత్వంలో కొద్దిమంది మనుషులు ఏటా వేసవిలో అక్కడికి వెళ్ళి పనిచేశారు. నీళ్ళలో దిగి బురద తోడారు. ఓడ కిందుగా పట్టీలు వేసి, గాలి సంచులు కట్టి, వాటిని ఉబ్బించి 2016లో పైకి తేల్చారు. నీటిలో ముంచి లేపగల బల్లకట్టును కిందికి తెచ్చి దాని మీద ఎక్కించారు. ఓడ కట్టిన యెన్సెన్ పేరే ఆ బల్లకట్టుకు పెట్టారు. కర్రను తొలిచే పురుగు ఆ చల్లటి నీళ్ళలో బతకదు కనుక ఓక్ దూలాలు చాలావరకు గట్టిగానే ఉన్నాయి. 2017 వేసవిలో ఒక లాగుడు పడవ దాన్ని, యోవా మొదట గెలిచిన ఆ దారిలోనే, గ్రీన్లాండ్ వరకు తెచ్చింది. అక్కడ చలికాలం గడిపి, 2018 ఆగస్టు 6న నార్వేలోని బెర్గెన్, 18న వొల్లెన్ చేరింది. బయలుదేరిన నూరేళ్ళకు ఇంటికి వచ్చింది. మ్యూజియంలో భద్రపరచాలన్నదే ఆ ఊరివాళ్ళ సంకల్పం.

మనకూ ఇటువంటివి లేకపోలేదు. సోవియట్ దేశం నుంచి వచ్చి 1969 నుంచి 2001 వరకు మన నౌకాదళంలో సేవ చేసిన కుర్సురా జలాంతర్గామిని విశాఖ తీరాన ఇసుక మీదికి చేర్చి 2002లో మ్యూజియం చేశారు. మనుమలతో వెళ్ళి చూసినవారు మనలో చాలామంది ఉంటారు. ఇంకా వెనక్కి పోతే, మన ఓరుగల్లు ప్రభువు కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవులో శాసనం వేయించాడు. తుఫానుకు చెడి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారని, తాను మాత్రం సుంకం తప్ప ఏమీ తీసుకోనని అందులో అభయమిచ్చాడు. సముద్రం లేని నేల నుంచి పాలించిన ప్రభువుకు కూడా చెడిపోయిన ఓడ మీద దయ ఉండింది.

భూపాలపల్లి దగ్గరి గణపురం కోటగుళ్ళ రాళ్ళు, ఊరి బయట చెట్ల కింద ఒరిగిన శాసనాలు, పెంబర్తి పనివాళ్ళ పాత ఇత్తడి సామాన్లు, మన ఇళ్ళలోని తాళపత్రాలు, దస్తావేజులు ఎవరో ఒకరు పట్టించుకుంటేనే నిలుస్తాయి. మన సంఘ సభ్యులకు తీరిక ఉంది, రికార్డు రాయడం వచ్చు, ఊళ్ళో మాట చెల్లుతుంది. ప్రతి సభ్యుడూ తన ఊళ్ళోని ఒక్క పాత వస్తువును గుర్తించి, అది ఎక్కడ ఉందో, ఎవరి అధీనంలో ఉందో, ఏ స్థితిలో ఉందో ఒక కాగితం మీద రాసి వచ్చే సర్వసభ్య సమావేశానికి తెస్తే ఒక మంచి రిజిస్టరు తయారవుతుంది. దానికి మొదటి కాగితం నేను తెస్తానని మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.